పావు తిప్పు

డాక్టరమ్మ వాపాయా కోడిని కాళ్ళు పట్టి తలకిందులుగా ఎత్తింది.
ముక్కు కొసనుంచి కారింది
కాఫీ మడ్డిలాంటి నలుపు,
ఆమె బూటు మీద, ఇసక మీద.
ఇసక దాన్ని తాగలేదు.
చాలాసేపు అలాగే పైన ఉంచుకుంది.

"లైటు ఇటు పట్టు," అంది నాతో.
అక్క షెడ్డులో ఆ ఆదివారం
చేతులు ఖాళీగా ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే.
బావ కాసిమీరో చచ్చినవాటిని యూరియా సంచుల్లోకి ఎత్తుతున్నాడు.
అక్క లెక్క గీస్తోంది, తలుపు చెక్క మీద సుద్దతో.
నూట పన్నెండు దగ్గర సుద్ద విరిగింది.

కోడికి పళ్ళుండవు.
దేవుడు మరిచిపోయి, తర్వాత నాలిక్కరుచుకుని
దాని కడుపులో ఓ తిరగలి పెట్టాడు.
రాళ్ళు తిన్నా అరిగే వయసని మనం కుర్రాళ్ళని అంటాం గానీ
ఆ వయసు దీనికి పుట్టిన వారానికే వస్తుంది,
అదీ నిజం రాళ్ళతో.

కత్తి కందనకాయని రెండు చెక్కలు చేసింది.
పసుప్పచ్చగా, గరుగ్గా అంటుకుని ఉండాల్సిన పొర
గోరు తగలగానే ఊడొచ్చింది,
వాన నానిన గోడకి సున్నంలా, పెచ్చులు పెచ్చులుగా.
కింద గుంటలు.
గుంటల్లో మాడిన నెత్తురు.
ఒకచోట కత్తి మొన అవతలికి పోయింది,
ఆమె నొక్కకుండానే.

"కొక్కెర తెగులు కాదిది. ఏలికపాములూ కాదు.
ఏం పెడుతున్నారు?"
"మొక్కజొన్న," అంది అక్క. "సోయా. చేపపొడి."
"పొడి ఎక్కడిది?"
"తాంబో దె మోరాది,"
అని నావైపు చూసింది, గర్వంగా.
"మా తమ్ముడి ఫ్యాక్టరీయే. సగం ధరకి ఇప్పించాడు."

లైటు కదిలింది.
"సరిగ్గా పట్టవయ్యా," అంది డాక్టరమ్మ.

డ్రయ్యరు దగ్గర నిలబడేది నేను.
ఆ రాత్రి మూడు పడవలు ఒక్కసారే ఒడ్డుకొచ్చాయి.
గుంతలో చేప నీరుకారిపోతోంది.
ఫోర్‌మన్ ఓర్మెన్యో గడియారం చూశాడు, నన్ను చూశాడు,
ఏమీ అనలేదు.
అనకపోవడంలో ఆరితేరినవాడు.
మంట కొంచెం పెంచాను.
కొంచెమే.
చక్రం పావు తిప్పు.

పొడి గోధుమరంగు దాటిపోయి వచ్చింది.
వాసన చేపది కాదు,
పెనం మీద ఎవరో మరిచిపోయిన దేనిదో.
ఆ సంచులు ఓడెక్కలేదు.
చవగ్గా తీసుకునేవాళ్ళెవరన్నా ఉన్నారా అని అడిగితే
మా అక్క పేరు చెప్పాను.

మంచి చేద్దామనే.

రాత్రి భోజనానికి ముసలి పుంజు పులుసు.
ఆ పుంజు పెరట్లో పురుగుల్ని ఏరుకుని బతికింది,
సంచిలోది ముట్టలేదు.
చిన్నప్పుడు నాకు జ్వరం తగ్గితే కందనకాయ నాకే.
ఇప్పుడూ అక్క గరిటెతో వెతికి వెతికి
నా గిన్నెలోనే వేసింది.
"తిను యెలాదియో, పొద్దుణ్ణుంచీ లైటు పట్టి అలిసిపోయావు."
నమిలాను.
నమిలాను.
బావ బల్ల మీద వేలితో బాకీలు కూడుకుంటున్నాడు,
వేలికి ఇంకా ఈక అంటుకునే ఉంది.
చెబుదామని నోరు తెరిచాను.
ఉప్పు అందించమన్నాను.

డాక్టరమ్మ ఆ కందనకాయల్లోంచి కడిగి తీసిన రాళ్ళు
మెట్టు మీద ఆరుతున్నాయి:
ఏడు గులకలు, ఓ పచ్చ గాజుపెంకు.
ఏ సీసాదో, అంచులన్నీ అరిగి నున్నగా అయింది.
గాజుని సైతం మెత్తబరిచిన కండరం
నా పావు తిప్పుకి ఆగలేదు.
దాన్ని జేబులో వేసుకున్నాను.

సోమవారం షిఫ్టు.
గాజుపెంకుని చక్రం పక్కన రేకు మీద పెట్టాను.
"ఏమిట్రా అది?" అన్నాడు ఓర్మెన్యో.
"పన్ను," అన్నాను.
వాడు గడియారం చూశాడు.
బయట పడవలు నాలుగు.
మంట గుయ్యిమంటోంది,
నా చెయ్యి చక్రం మీదే ఉంది.